చేతులు కలిపించినంత మాత్రాన తగవు తీరదు

ప్రశ్న: నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈమధ్య మధ్యాహ్న భోజనం అయ్యాక, నల్లా దగ్గర ప్లేట్లు కడుక్కునే లైనులో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు కొట్టుకున్నారు. ఒకడు ఇంకొకడిని వాళ్ల నాన్న పేరు పెట్టి పిలిచాడట. వీడు స్టీలు ప్లేటుతో కొట్టాడు. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. తెల్లారేసరికి రెండు ఇళ్ల నుంచీ పెద్దమనుషులు వచ్చారు. కొట్టిన పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపేద్దామని హెచ్‌ఎం సార్ అంటున్నారు. బెత్తం పక్కన పెట్టినప్పటి నుంచే పిల్లలకు భయం పోయిందని స్టాఫ్‌రూములో మాట. ఇంకొకటి కూడా ఉంది. ఏడో తరగతిలో ఒక బక్కపలచని అబ్బాయి దగ్గర తొమ్మిదో తరగతి వాళ్లు గుడ్డు పెట్టిన రోజల్లా గుడ్డు లాక్కుంటున్నారని తెలిసి, అందరినీ పిలిచి మందలించి, సారీ చెప్పించి, చేతులు కలిపించాం. ఆ తర్వాత ఆ అబ్బాయి బడికి సరిగ్గా రావడం లేదు. కొట్టుకోకుండా తగవు తీర్చుకోవడం పిల్లలకు నిజంగా నేర్పవచ్చా? నేర్పితే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక టీచర్

సమాధానం: టీచర్ గారికి నమస్కారం. మీరు చివర్లో "ఇంకొకటి" అని రాసిన అబ్బాయి సంగతి ముందు మాట్లాడతాను. ప్లేటుతో కొట్టుకున్న ఇద్దరి విషయంలో మీకు కొంత వ్యవధి ఉంది. ఈ అబ్బాయి విషయంలో లేదు.

నల్లా దగ్గర జరిగింది గొడవ. ఇద్దరూ ఇంచుమించు సమఉజ్జీలు. ఇద్దరికీ కోపం వచ్చింది, ఇద్దరికీ చెప్పుకునేది ఉంది. గుడ్డు సంగతి గొడవ కాదు, వేధింపు. ఒకవైపు వయసు, బలం, గుంపు ఉన్నాయి. ఇంకోవైపు ఒక్క పిల్లవాడు. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నాక, 1983లో ఆ దేశం బడుల్లో వేధింపులను ఆపడానికి పెద్ద ఎత్తున పూనుకుంది. ఆ పనిలో ముందున్న మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండడం. మీరు రాసిన దాంట్లో మూడూ ఉన్నాయి.

అలాంటి పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపిస్తే, దెబ్బతిన్న పిల్లవాడికి ఏమనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. నేను చెప్పుకున్నాను, సార్లకు తెలిసింది, అయినా వాళ్లతో దోస్తీ చేయమన్నారు. రేపు గేటు బయట వాళ్లు పట్టుకుంటే ఇక ఎవరికి చెప్పాలి? బడికి రాకపోవడమే ఆ అబ్బాయికి దొరికిన ఒకే ఒక్క దారి. మీరు మంచి మనసుతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాజీ అనేది సమానుల మధ్య కుదిరేది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మారియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ వేధింపుల నివారణ మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను 2009లో ఒకచోట చేర్చి పరిశీలించారు. అలాంటి కార్యక్రమాలు నడిచిన బడుల్లో వేధింపులు సగటున ఐదో వంతు తగ్గాయని తేలింది. పెద్దలు ఆటస్థలంలో గట్టిగా కనిపెట్టుకుని ఉన్నచోట, తల్లిదండ్రులను కలుపుకున్నచోట ఫలితం బాగుంది. తోటి పిల్లల చేత మధ్యవర్తిత్వం చేయించడం లాంటివి చేర్చిన కార్యక్రమాల్లో మాత్రం బాధితుల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. మీ బడిలో రేపు మీరు పిల్లలకు మధ్యవర్తిత్వం నేర్పినా, ఈ ఒక్క గీత దాటకండి. వేధింపు కేసు పిల్లల పంచాయతీకి వెళ్లకూడదు. అది పెద్దల పని.

కాబట్టి ఈ వారంలోనే ఆ అబ్బాయి ఇంటికి వెళ్లండి. క్లాసులో అందరి ముందు "ఎందుకు రావట్లేదు" అని అడగవద్దు. అమ్మానాన్నలకు జరిగింది దాచకుండా చెప్పి, పిల్లవాడిని విడిగా అడగండి. ఎక్కడ భయమేస్తోంది? ఏ సమయంలో? నల్లా దగ్గరా, బాత్రూముల వెనకా, బడి వదిలాక దారిలోనా? వాడు చెప్పిన చోట, చెప్పిన వేళకు ఒక టీచర్ ఉండాలి. భోజనం దగ్గర వడ్డించేటప్పుడు కాదు, తినడం అయ్యేదాకా ఉండాలి. తొమ్మిదో తరగతి వాళ్లను ఒక్కొక్కరినే పిలవండి, గుంపుగా వద్దు. గుంపుగా ఉంటే ఒకరి ముఖం చూసి ఒకరు నవ్వుకుంటారు. వాళ్ల ఇళ్లకూ కబురు పెట్టండి. ఎవరు ఫిర్యాదు చేశారన్న ప్రస్తావన రానివ్వకండి. "మేమే చూశాం, మేమే ఆపుతున్నాం" అనండి. ఆ అబ్బాయికి ఇష్టమైన టీచర్ ఎవరో కనుక్కుని, కొన్ని వారాలు రోజూ ఒక్క నిమిషం పలకరించే పని వాళ్లకు అప్పగించండి. మాట్లాడేటప్పుడు ఒంటి మీద చేయి వేయడం, బట్టలు లాగడం, ఫోనులో ఫోటోలు తీయడం లాంటివి బయటపడితే అది బడిలో తేల్చుకునే విషయం కాదు. లైంగికమైనది ఏదైనా ఉంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం మన బాధ్యత, తెలపకపోవడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసినా దారి చూపుతారు.

ఇక నల్లా దగ్గరి ఇద్దరు.

నాన్న పేరు పెట్టి పిలవడం అంత పెద్ద విషయమా అని బయటివాళ్లు అనుకోవచ్చు. తెలుగు బడిలో చదువుకున్న ఎవరికైనా దాని పదును తెలుసు. మీది వలసల జిల్లా కూడా. ఆ తండ్రి ముంబయిలోనో పుణెలోనో కూలికి ఉన్నాడేమో, తాగుతాడేమో, లేకుంటే అసలు లేడేమో. ఆ పేరు వినగానే పిల్లవాడిలో ఏం కదిలిందో మనకు తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. ఇది చూసి ఒక చిన్న పని మాత్రం వెంటనే చేయవచ్చు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపేటప్పుడూ, అడ్మిషన్ రిజిస్టరు సరిచూసేటప్పుడూ తండ్రుల పేర్లు క్లాసులో పైకి చదవకండి. ఆ పేర్లు పిల్లల నోళ్లలో పడేది చాలాసార్లు అక్కడే.

టీసీ విషయంలో హెచ్‌ఎం సార్‌కు మీరు చెప్పగలిగేది స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసివేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు ఇచ్చారు గానీ, తీసివేసే వీలు ఇవ్వలేదు. తల్లిదండ్రులే అడిగినట్టు కాగితం రాయించుకుని టీసీ చేతిలో పెట్టడం కూడా ఆ చట్టాన్ని పక్కదారిలో దాటడమే. చట్టం సంగతి అటుంచినా, టీసీ ఇస్తే ఏమవుతుంది? ఆ పిల్లవాడు పత్తి చేనుకో, ఇటుక బట్టీకో వెళ్తాడు. లేకుంటే పక్క ఊరి బడికి అదే కోపంతో వెళ్తాడు. దెబ్బ తిన్న అబ్బాయికి దాంతో ఒరిగేది లేదు. ఊళ్లో రెండు ఇళ్ల మధ్య పగ మాత్రం మిగులుతుంది.

అలాగని ఊరికే వదిలేయమని అనడం లేదు. కుట్లు పడ్డాయి. కొట్టిన పిల్లవాడు దానికి ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో మీరు ముందే తేల్చకండి. దెబ్బ తిన్న అబ్బాయినీ వాళ్ల అమ్మానాన్ననూ అడగండి, ఏం చేస్తే మీకు కాస్త న్యాయం జరిగినట్టు ఉంటుందని. తప్పిపోయిన పాఠాల నోట్సు రాసి ఇవ్వమంటారేమో, ఇంటికి వచ్చి మాట్లాడమంటారేమో, ఆస్పత్రి ఖర్చు అడుగుతారేమో. తర్వాత నాన్న పేరు పెట్టి పిలిచిన సంగతికీ అంతే బరువు ఇవ్వండి. దెబ్బ కంటికి కనబడుతుంది కాబట్టి దాని మీదే అందరం నిలబడిపోతాం. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరైనా కులం పేరుతో తిట్టి ఉంటే మాత్రం అది వేరే లెక్క. దాన్ని పిల్లల మాటగా కొట్టిపారేసి రాజీ చేయకూడదు. హెచ్‌ఎం స్వయంగా తీసుకోవాలి, రెండు ఇళ్ల వాళ్లతో కూర్చోవాలి, ఆ మాట ఈ బడిలో చెల్లదని అందరికీ తెలిసేలా చెప్పాలి.

బెత్తం గురించి నా మాట మెత్తగా ఉండదు. అదే చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అతిక్రమించిన వారి మీద సర్వీసు నిబంధనల కింద చర్య తీసుకోవచ్చు. బెత్తం ఉన్న రోజుల్లో పిల్లలు కొట్టుకోలేదని అనేవాళ్లు, ఆ రోజుల్లో చెరువు గట్టు మీదా, బస్టాండు వెనకా ఏం జరిగేదో మరిచిపోయారు. సార్లకు కనిపించేది కాదు, అంతే. కొట్టిన పిల్లవాడిని మనం కొడితే వాడు నేర్చుకునేది కొట్టకూడదని కాదు. బలం ఉన్నవాడు కొట్టవచ్చని, తనకు బలం వచ్చేదాకా ఆగాలని. మీ తొమ్మిదో తరగతి వాళ్లు ఏడో తరగతి పిల్లవాడి మీద చూపిస్తున్నది అదే. స్టాఫ్‌రూములో మీ తోటివాళ్లు చెడ్డవాళ్లు కారు. బెత్తం తీసేసి దాని చోట వాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ ఖాళీ గురించి వాళ్లు చెప్పే మాట నిజం.

ఆ ఖాళీలో పెట్టాల్సింది పద్ధతి. శాంతి మీద వ్యాసరచన పోటీ, అక్టోబరు 2న ఉపన్యాసం, గోడ మీద సూక్తి — వీటివల్ల నల్లా దగ్గర చేయి ఆగదు. కోపం వచ్చిన క్షణంలో ఏం చేయాలో కోపం లేనప్పుడు పదేపదే చేసి ఉండాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే లాభం లేదు కదా. ఈ సంగతిని పట్టుకుని పనిచేసినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్ బడుల్లో క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవ వర్గం వాళ్లు 1972లో చిన్న తరగతుల పిల్లలతో ఆటల ద్వారా ఈ పని మొదలుపెట్టారు. 1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లలకే మధ్యవర్తిత్వం నేర్పారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు దీన్ని మెట్లుగా విడదీశారు. నాకేం కావాలో చెప్పడం, నాకెలా ఉందో చెప్పడం, ఎందుకో చెప్పడం, ఎదుటివాడి మాటను వాడు ఒప్పుకునేలా తిరిగి చెప్పడం, కనీసం మూడు దారులు ఆలోచించడం, ఇద్దరికీ సరిపోయేది ఎంచుకోవడం. మన దగ్గరా కొత్త కాదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం తయారైనప్పుడే శాంతి కోసం విద్య మీద ఎన్‌సీఈఆర్‌టీ విడిగా ఒక పత్రం వేసింది.

ఈ మెట్లలో నాలుగోదాని దగ్గరే ఎక్కువ కాలం ఉండమని మీకు చెబుతాను. ఎదుటివాడి మాట తిరిగి చెప్పడం. మిగతావన్నీ పిల్లలు త్వరగా పట్టుకుంటారు. ఇది మాత్రం పెద్దలకూ కష్టం. నల్లా గొడవనే కాస్త మార్చి, పేర్లు మార్చి, వేరే క్లాసులో ఆడించండి. అసలు ఇద్దరి చేత వద్దు. "మా నాయిన పేరు తీస్తే నాకు మస్తు బాధయితది. నా పేరుతోనే పిలువు" అని ఒకడు అంటాడు. రెండోవాడు వెంటనే "నేను ఊకెనే అన్న, గంతదానికే..." అని మొదలుపెడతాడు. అక్కడ ఆపండి. "నీ మాట తర్వాత. వాడేమన్నాడో ముందు చెప్పు" అనండి. వాడు సగం చెబుతాడు. "అంతేనా, ఇంకేమన్నా మిగిలిందా?" అని మొదటివాడిని అడగండి. వాడు "అవును, అంతే" అనేదాకా ముందుకు పోవద్దు. ఆ "అవును" అన్నప్పుడు పిల్లవాడి భుజాలు దిగడం మీరే చూస్తారు. పుస్తకంలో ఉన్న భాష వాళ్ల చేత పలికించకండి. వాళ్ల ఇంటి భాషలో వాళ్లు చెప్పనివ్వండి. కోపంలో నోటికి వచ్చేది ఆ భాషే కాబట్టి, అభ్యాసమూ అందులోనే జరగాలి.

చిన్న తగవులతో మొదలుపెట్టండి. బెంచీ మీద చోటు, అడగకుండా తీసిన స్కేలు, కబడ్డీలో అవుటా కాదా, గ్రూపు పనిలో ఎవరు రాయలేదు అన్నవి. వారానికి ఒక పీరియడ్ చాలు. ఎక్కడ దొరుకుతుందంటే, ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ఉన్న 11 అంశాల్లో భావోద్వేగాలు, మనుషుల మధ్య సంబంధాలు, హింస నుంచి భద్రత ఉన్నాయి. బడికి ఇద్దరు టీచర్లకు ఆ బాధ్యత ఇవ్వాలన్నది ఆ కార్యక్రమం పద్ధతి. మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో కనుక్కోండి. ఆ పేరు మీద పీరియడ్ అడిగితే హెచ్‌ఎం కాదనడం కష్టం.

కొన్ని నెలలు గడిచాక, కొందరు పిల్లలను మధ్యవర్తులుగా తయారు చేయవచ్చు. ఇక్కడ మన ఊళ్లకే ఉన్న ఒక చిక్కు గురించి ముందే చెబుతాను. పిల్లలు పంచాయతీలు చూసి పెరిగారు. చెట్టు కింద పెద్దమనుషులు కూర్చుంటారు, ఇద్దరినీ అడుగుతారు, తప్పు ఎవరిదో తేలుస్తారు, తప్పు కట్టిస్తారు. మధ్యవర్తి అనగానే మీ పిల్లలు ఆ పెద్దమనిషి కుర్చీలోకి ఎక్కుతారు. "తప్పు నీదే, సారీ చెప్పు" అంటారు. అలా కాదు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇద్దరి మాటా వినపడేలా చూస్తాడు, "ఇంకేం చేయవచ్చు?" అని అడుగుతాడు, ఒప్పుకున్నది నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయిస్తాడు, వారం తర్వాత "ఎట్లుంది?" అని కనుక్కుంటాడు. ఈ తేడా వాళ్లకు ఒంటబట్టకపోతే పని మొదలుపెట్టకండి. క్లాస్ లీడర్లను, మొదటి ర్యాంకు వాళ్లను మాత్రమే తీసుకోవద్దు. ఏ వాడ నుంచి, ఏ తండా నుంచి వచ్చిన పిల్లలైనా "వీళ్లలో మావాళ్లూ ఉన్నారు" అనుకునేలా ఉండాలి. ఆడపిల్లలు సగం ఉండాలి. తరచూ కొట్లాటలకు దిగే ఒకరిద్దరిని కూడా తీసుకోండి. ఎక్కడ మాట ముదురుతుందో వాళ్లకు తెలిసినంత బాగా మనకు తెలియదు. రక్తం వచ్చినా, డబ్బు గుంజినా, కులం మాట వచ్చినా, ఒంటి మీద చేయి పడినా, ఎవరైనా చచ్చిపోతానన్నా వాళ్లు ఆగి నేరుగా మీ దగ్గరికి రావాలని మొదటి రోజే చెప్పండి.

కొట్లాట జరుగుతుండగా టీచర్ చేయాల్సింది దీనికి పూర్తిగా వేరు. ఆ వేడిలో పంచాయతీ పెట్టకూడదు. పేరు పెట్టి గట్టిగా పిలవండి. ముందు చుట్టూ చేరినవాళ్లను పంపేయండి, చూసేవాళ్లు ఉన్నంతసేపు వెనక్కి తగ్గడం ఏ పిల్లవాడికీ చేతకాదు. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి నీళ్లివ్వండి. అరగంటైనా పోనివ్వండి. "ముందు ఎవరు కొట్టారు?" అన్న ప్రశ్న వద్దు, దానికి "వాడే సార్" తప్ప వేరే జవాబు ఉండదు. "ఏమైంది, ఇప్పుడు నీకేం కావాలి?" అనండి.

ఇంకో పని పిల్లలతో కాదు, బడి ఆవరణతో. పిల్లలకు తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి బడి పటం గీయమనండి, భయమేసే చోట చుక్క పెట్టమనండి. పేరు రాయనవసరం లేదు. సోషల్ టీచరు మీరు, పటం పాఠంగానే చేయించవచ్చు. చుక్కలన్నీ రెండు మూడు చోట్లే పడతాయి, చూడండి. నల్లాలు తక్కువై, అందరూ ఒకేసారి ప్లేట్లు పట్టుకుని నిలబడేచోట తోపులాట రాక మానదు. చిన్న తరగతులను పది నిమిషాలు ముందు భోజనానికి పంపినా, ఇంకో రెండు నల్లాలు పెట్టించినా సగం గొడవలు పుట్టవు. ఈ పటం పట్టుకుని తల్లిదండ్రులు ఉండే బడి కమిటీ సమావేశానికి వెళ్తే, పిల్లల తల్లులు నల్లాల సంగతి మీకంటే గట్టిగా అడుగుతారు.

హెచ్‌ఎం సార్‌కు మాత్రం ఒకటి ముందే చెప్పి పెట్టుకోండి. ఇదంతా మొదలుపెట్టిన తొలి నెలల్లో మీ దగ్గరికి వచ్చే ఫిర్యాదులు పెరుగుతాయి. ఇన్నాళ్లూ చెప్పినా లాభం లేదనుకున్న పిల్లలు చెప్పడం మొదలుపెడతారు కాబట్టి. ఆ సంఖ్య చూసి పని చెడిందనుకుని ఆపేయవద్దని ఆయనను కోరండి. చూడాల్సింది వేరే ఉంది: ప్రతి ఫిర్యాదు మీద ఎవరు, ఎప్పుడు మాట్లాడారు, వారం తర్వాత మళ్లీ అడిగారా అన్నది. ఒక రిజిస్టరు పెట్టి ఆ మూడు గడులు గీయండి. ఏడాది చివర మీ స్టాఫ్‌రూములో వాదన వచ్చినప్పుడు, బెత్తం గురించి మాట్లాడుకోవడానికి ముందు ఆ రిజిస్టరు తెరవండి.